పాలవరస

పోయిన నెల మా అమ్మాయిని గచ్చిబౌలిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఎనభై దాటిన నేను, యాభై దాటిన కూతురి చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంటే లిఫ్టులో ఉన్నవాళ్ళు మర్యాదగా గోడవైపు చూశారు. ఏం చెయ్యను? ఆఫీసులో పదిమంది ముందు మాట్లాడుతూ మాట్లాడుతూ, రోజూ వాడే మాటే నోటికి రాక ఆగిపోతోందట. తన పక్క కుర్చీలో కూర్చునే పిల్ల పేరు మరిచిపోయి, 'నువ్వే, నువ్వే' అని వేలు చూపించిందట. ఇంటికొచ్చి వంటింటి గట్టుకు ఆనుకుని, "అమ్మా, నా బ్రెయిన్ పని చెయ్యట్లేదు. రిజైన్ చేసేస్తాను" అని ఏడ్చింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. నెలసరి ఎప్పటినుంచి తప్పుతోందని అడిగింది. ఒంట్లో ఆవిర్లు వస్తున్నాయా, నిద్ర పడుతోందా అని అడిగింది. అన్నీ విని కుర్చీ ముందుకు జరుపుకుని, "ఈస్ట్రోజన్ అనే హార్మోన్ బిడ్డలు పుట్టడానికే కాదమ్మా, మెదడుకూ కావాలి. మాటలు, పేర్లు గుర్తుపెట్టుకోవడంలో ఆడవాళ్ళు మగవాళ్ళకన్నా కొంచెం ముందుంటారని అంటారు. ముట్లు ఆగే రోజుల్లో ఆ హార్మోన్ ఎగుడుదిగుడుగా పడిపోతుంది. అప్పుడు పేర్లు తడబడతాయి. మగవాళ్ళకు వాళ్ళ హార్మోన్ మెల్లమెల్లగా, ఏళ్ళ తరబడి తగ్గుతుంది. అందుకని ఎవరికీ కనిపించదు. అందరికీ ఒకేలా ఉండదు. ఇందులో ఇంకా తేలనివి చాలా ఉన్నాయి. కానీ చాలామందికి ఆ రోజులు దాటాక మళ్ళీ కుదుటపడుతుంది. ఉద్యోగం మానకండి" అంది.

మా అమ్మాయి కారులో పాటలు పెట్టుకుంది. నేను మాత్రం కిటికీలోంచి గుట్టలను చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ కుదుటపడుతుందన్న ఆ ఒక్క ముక్క, ఇదే గుట్టల మధ్య అరవై ఏళ్ళ కిందట, మా పెద్దత్త చెవిన ఎవరైనా వేసి ఉంటే! ఆమెను ఎరిగినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఆమె మాట ఎవరితోనైనా చెబుదామంటే, "ఎవరు?" అని అడగకుండా వినేవాళ్ళు లేరు. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె బతికున్న రోజుల్లో కూడా ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఊరికంతా పెద్దమ్మ, నాకు పెద్దత్త.

నేను సుల్తాన్ బజార్ పిల్లను. పోలీసు చర్యకు ముందటి ఏడు పదహారేళ్ళప్పుడు పెళ్ళయి, ఎడ్లబండిలో ఈ గచ్చిబౌలి పక్కనే ఉన్న ఖాజాగూడ వచ్చాను. అత్త లేని ఇల్లు. మా మామ, ఆయన కొడుకు అంటే మా ఆయన, పెళ్ళికెదిగిన మా ఆడబిడ్డ అండాలు, వీళ్ళందరికీ వండిపెట్టే పెద్దత్త. ఆమె మా మామ అన్నగారి భార్య. మొగుడు తొందరగా పోయాడు. పిల్లలు లేరు. బండి దిగి గడప ముందు నిలబడితే, హారతి పళ్ళెం పట్టుకుని నా ముఖంలోకి చూసి ఆమె అడిగిన మొదటి మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"ఎవలి పాలు తాగినవ్ బిడ్డా?"

నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. "మా అమ్మవే" అన్నాను.

"మీ అమ్మవేనా? ఇంకెవలియి తాగలే?"

"లేదండి."

"సరే తియ్యి. ఒక్కపాల మనిషివి. లోపలికి రా" అంది.

నాకు పిచ్చిదేమో అనిపించింది. తర్వాత తెలిసింది, ఆమె మనుషులను గుర్తుపెట్టుకునే పద్ధతే అది. కులం, ఇంటిపేరు, పొలం అన్నీ తర్వాత. ముందు ఎవరి పాలు తాగాడన్నదే. ఊళ్ళో మాట మార్చేవాడు ఒకడుండేవాడు. వాడి గురించి వస్తే, "వాడు ముగ్గురి పాలు తాగిండు. ఒక్క మాట మీదెట్ల ఉంటడు?" అనేది. పెళ్ళాం మాట జవదాటనివాణ్ణి, "మేనత్త పాలు తాగిన పోరడు. ఆడదంటె భయం పాలల్లనే వచ్చింది" అనేది. అంటూ తానే ముందు నవ్వేది. నవ్వితే పైపళ్ళ మీదికి కొంగు లాక్కునేది.

దీని వెనక ఒక కథ ఉంది. అండాలు పుట్టిన ఏడు ఊళ్ళోకి గత్తర వచ్చింది. కలరాను అక్కడ గత్తర అంటారు. బాలింతలు చాలామంది పోయారు. మా అత్త కూడా అప్పుడే పోయింది. తల్లులు పోయిన పసిపిల్లలను ఎత్తుకుని, పాలున్న తల్లి ఎక్కడుందో వెతుక్కుంటూ, ఇల్లిల్లూ తిరిగింది పెద్దత్త. తనకు పాలు లేవు, పిల్లలు లేరు. భుజం మాత్రం ఉంది. ఆ భుజం మీద ఎవరి బిడ్డ ఎవరి ఇంటికి పోయిందో ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. తాగినవాళ్ళకు ఊహ లేదు, ఇచ్చినవాళ్ళలో చాలామంది పోయారు, మగవాళ్ళు ఇలాంటివి ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఒకే రొమ్ము తాగిన పిల్ల, పిల్లగాడు అన్నాచెల్లెళ్ళే, వాళ్ళకు పెళ్ళి చెయ్యకూడదని ఆ ఊరి కట్టడి. వేరే ఊళ్ళలో ఉందో లేదో నాకు తెలియదు. మా ఊళ్ళో మాత్రం సంబంధం కుదిరి మాటముచ్చటకు కూర్చున్నప్పుడు, గొంగడి మీద మగవాళ్ళు కూర్చుంటే, గడపలో పెద్దత్త నిలబడి పిల్లకు పాలిచ్చినవాళ్ళ పేర్లు, పిల్లగాడికి పాలిచ్చినవాళ్ళ పేర్లు చెప్పాలి. పాలవరస చెప్పడం అనేవారు. ఆమె "కలువలే" అంటే బెల్లం పంచేవాళ్ళు. "కలిసింది" అంటే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఎంతటి పటేలైనా ఆ మాటకు ఎదురాడడు. గొంగడి ముందు ఆడదాని మాట చెల్లేది ఆ ఒక్క ఘడియే.

ఇక మా మామ. ఆయన బుర్రలో ఉన్నదంతా భూమే. ఏ గుండు, అంటే ఏ బండరాయి, ఎవరి పొలానికి హద్దో, ఏ సీతాఫలం చెట్టు దగ్గర గట్టు మలుపు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. నా పేరు మాత్రం రెండేళ్ళకు గానీ ఆయనకు రాలేదు. "ఓ పిల్లా" అని పిలిచేవాడు. నేను పలకకపోతే అండాలును కూడా "ఓ పిల్లా" అనే పిలిచేవాడు. "మా మరిదికి గుండ్ల పేర్లన్ని ఎర్కనే, మనుషుల పేర్లే రావు" అని పెద్దత్త ఎగతాళి చేసేది. హద్దు ఆయనది, వరస ఆమెది. ఊరు అలా పంచి ఇచ్చింది.

నేను వచ్చిన మరుసటి ఏడు చలికాలంలో ఆమె తీరు మారింది. వణికే పొద్దున బాయి దగ్గర చన్నీళ్ళు నెత్తిన కుమ్మరించుకునేది. పొయ్యి దగ్గర నుంచి చటుక్కున లేచి, గుమ్మంలో కూర్చుని, బియ్యం చెరిగే చాటతో విసురుకునేది. ముఖం కందగడ్డలా అయ్యేది. మా మామ, "ఏంది వదినే, ఎండకాలం నీకొక్కదానికే వచ్చిందా?" అని నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు.

తర్వాత పేర్లు జారడం మొదలైంది. నన్ను పిలవబోయి, నోరు తెరిచి, ఆగి, "బిడ్డా" అనేది. అండాలును బిడ్డా, గేదె పాలు పితకడానికి వచ్చే పాలమనిషిని బిడ్డా, ఆఖరికి గేదెను కూడా. ఊళ్ళోవాళ్ళు ప్రేమ ఎక్కువైందనుకున్నారు. ఒకనాడు పొద్దున పేడ ఎత్తడానికి కొట్టంలోకి పోతే, గేదె పక్కన గోడకు తల ఆనించి నిలబడి ఉంది. పెదాలు కదులుతున్నాయి. పేర్లు అప్పజెప్పుకుంటోంది. ఫలానామె బిడ్డకు ఫలానామె, ఆమె బిడ్డకు ఈమె. మధ్యలో ఒకచోట ఆగింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"ముట్లు ఆగినకాంచి గిట్లయితుంది బిడ్డా. పేరు నోట్లెనే ఉంటది. బయటికి రాదు" అంది. కాసేపటికి నా మణికట్టు పట్టుకుని, "ఎవ్వలకు చెప్పకు. ఈ ఇంట్ల నాకున్నది గిదొక్కటే" అంది.

ఆ చెయ్యి చెమటతో తడిసి ఉంది. నాకు చాలా భయం వేసింది. నిజమే కదా. మొగుడు లేడు, బిడ్డ లేదు, భూమిలో పాలు లేదు. ఆ వరస చెప్పే నోరు లేకపోతే ఆ ఇంట్లో ఆమె వంటమనిషి. అడగడానికి ఎవరూ రాని మనిషి.

సరిగ్గా అప్పుడే అండాలుకు సంబంధం వచ్చింది. పిల్లగాడిది రాయదుర్గం. వాళ్ళ అమ్మ మల్లమ్మ ఖాజాగూడలో పుట్టిందే. పిల్లగాడు కూడా గత్తర ఏడే ఇక్కడ అమ్మమ్మ ఇంట్లో పుట్టాడు. మల్లమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అండాలుకు ఆ పిల్లగాడు ఇష్టమే. బోనాలప్పుడు చూసిందట. ఆ మాట నాకొక్కదానికే చెప్పి, రెండు చేతులతో ముఖం మూసుకుంది.

మాటముచ్చట రోజు పొద్దుటి నుంచీ ఇంట్లో మల్లమ్మ పేరే. మల్లమ్మ కొడుకు, మల్లమ్మ ముక్కు, మల్లమ్మ గుణం. వచ్చిన ప్రతివాళ్ళూ మల్లమ్మనే తలుచుకున్నారు. మధ్యాహ్నం పెద్దమనుషులు గొంగడి మీద కూర్చున్నారు. బెల్లం పళ్ళెం మధ్యలో ఉంది. పెద్దత్త గడపలోకి వచ్చింది. నేను తలుపు వెనక, అండాలు నా వెనక.

"పిల్లగాడు తల్లి పాలే తాగిండు. ఒక్కపాలోడు" అంది పెద్దత్త. గొంతు బాగానే ఉంది. "ఇగ మా పిల్ల. తల్లి పోయినంక కుమ్మరి నర్సమ్మ ఇచ్చింది. ఆమెకు జరం వస్తే బాలమ్మ ఇచ్చింది. బాలమ్మ తర్వాత..."

ఆగింది. కొంగుతో మెడ తుడుచుకుంది. చేయి గాలిలో చాట కోసం వెతికినట్టు కదిలింది.

"బాలమ్మ తర్వాత ఎవలమ్మా?" అన్నాడు పిల్లగాడి చిన్నాయన.

"బాలమ్మ తర్వాత..."

"జెర జల్ది చెప్పు వదినే" అన్నాడు మా మామ.

"మల్లమ్మ" అంది.

ఆ మాట ఆమె నోటి నుంచి ఊడిపడింది. అన్నాక తానే బిత్తరపోయి చూసింది. పిల్లగాడి చిన్నాయన కండువా దులుపుకుని లేచాడు. "ఇంకేముంది. అన్నాచెల్లెండ్లు" అన్నాడు. బెల్లం పళ్ళెం అలాగే ఉండిపోయింది. నా వెనక అండాలు గోడ పట్టుకుని కిందికి జారింది.

ఆ తర్వాత ఇంట్లో అన్నం ఉడికేది గానీ ఎవరూ సరిగ్గా తినేవాళ్ళు కాదు. మా మామకు కోపం ఎవరి మీద చూపాలో తెలియక, వారం తిరగకముందే ఇంకో సంబంధం పట్టుకొచ్చాడు. కోకాపేట మనిషి. రెండో పెళ్ళి. మొదటి భార్య బిడ్డ కూడా ఉంది. వయసు మీద పడినవాడు కాబట్టి పాలవరస బెడదే లేదని మా మామ ధీమా. అండాలు ఏడవడం కూడా మానేసింది.

పెద్దత్త నన్ను కొట్టంలోకి పిలిచింది. "మల్లమ్మ కాదు బిడ్డా" అంది.

"మరి ఎవరు?"

"గదే యాదికొస్తలేదు. మల్లమ్మ మాత్రం కాదు. పొద్దుగాల్నుంచి అందరు ఆ పేరే అంటుండిరి. అదే నోట్లెకొచ్చింది."

"మామకు చెప్పండి."

"ఏమని చెప్పాలె? మల్లమ్మ కాదంటె, మరి ఎవలు అంటరు. ఎర్కలేదంటె, ఈమెకేమెర్క అంటరు." నెత్తి కొట్టుకుంది. "నా బిడ్డ గొంతు నేనే కోసిన."

నా బిడ్డ అంది. అంతకు ముందు ఎప్పుడూ ఆ మాట ఆమె నోట వినలేదు.

కోకాపేటవాళ్ళు మాటముచ్చటకు వచ్చే రోజు పొద్దున, పక్కింటి పసిపిల్ల ఒకటే గుక్క పట్టింది. తల్లి పొలానికి పోయింది. పెద్దత్త పోయి ఆ పిల్లను ఎత్తుకుంది. భుజం మీద వేసుకుని, వీపు తట్టుకుంటూ వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ వీధిలోకి పోయింది. ఎండకెక్కడ తిరుగుతుందోనని నేను వెంట పడ్డాను. కుమ్మరివాళ్ళ ఇంటి ముందు కాసేపు నిలబడింది. అక్కడి నుంచి బాలమ్మ వాళ్ళ సందులోకి తిరిగింది. అక్కడా నిలబడింది. తర్వాత ఊరు దాటి, చెరువు పక్క నుంచి గుట్టల్లోకి నడిచింది. ఆమె చూపు దారి మీద లేదు. కాళ్ళే ఆమెను తీసుకుపోతున్నట్టున్నాయి.

రెండు పెద్ద గుండ్ల నడుమ కాస్త చదునైన చోట ఆగింది. అక్కడ ఏమీ లేదు. మసిబారిన పొయ్యిరాళ్ళు మాత్రం ఉన్నాయి. పసిదాన్ని ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మార్చుకుంది.

"గీడ గుడిసె ఉండె" అంది. "రాళ్ళు కొట్టే వడ్డెరోళ్ళు దిగిన్రు ఆ ఏడు. దీపాలు పెట్టేయాల్లకు వచ్చేదాన్ని, ఎవ్వలు చూడకుండ. ఆమె ఈ రాయి మీద కూసునేది." కళ్ళు మూసుకుంది. తర్వాత ఒక్కసారిగా నవ్వింది. "అంకమ్మ. అంకమ్మ బిడ్డా! అంకమ్మ!"

గుట్టలు ఆ పేరును తిరిగి పలికాయి. భుజం మీద పసిపిల్ల బెదిరి ఏడుపెత్తుకుంది. పెద్దత్త కూడా ఏడుస్తోంది. పైపళ్ళ మీదికి కొంగు లాక్కోవడం కూడా మరిచిపోయింది.

తిరిగి వస్తుంటే దారిలో తానే అంది, "ఇగ నన్నెవ్వలు అడగరు బిడ్డా. తప్పు చెప్పిన నోరాయె."

"మరి ఎట్లా?"

"ఎట్లేంది? అండాలును నేను మోసిన" అంది.

కోకాపేటవాళ్ళు గొంగడి మీద సర్దుకుంటుండగానే, ఎవరూ పిలవకుండా పెద్దత్త గడప దాటి ముందుకొచ్చింది. ఆమె గడప దాటి మగవాళ్ళ ముందుకు రావడం అదే మొదలు. "మా పిల్లకు, రాయదుర్గం పిల్లగానికి పాలు కలువలే. నేను ఆనాడు తప్పు చెప్పిన. బాలమ్మ తర్వాత ఇచ్చింది మల్లమ్మ కాదు. వడ్డెర అంకమ్మ" అంది.

వడ్డెర అనేసరికి గొంగడి మీద గుసగుస లేచింది. మా మామ ముఖం నల్లబడింది. "ఒక్క నోటితోని రెండు మాటలా వదినే? నీకు మతి ఉన్నదా?"

"మతి పోయింది మరిదీ. అందుకే తప్పు చెప్పిన. ఇప్పుడు యాదికొచ్చింది. నమ్మకుంటె అంకమ్మను పిలిపించున్రి."

పిలిపించారు. పుప్పాలగూడ దగ్గర గుట్టల్లో రాయి కొడుతోందని తెలిసి మా ఆయన బండి కట్టుకుని పోయాడు. అంకమ్మ వచ్చింది. చేతులు సుత్తిపిడిలా ఉన్నాయి. అండాలును గడ్డం పట్టుకుని ఎగాదిగా చూసి, "ఇదేనా? నన్ను కొరికి సంపిన పిల్ల ఇదేనా?" అంది. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో నవ్వు వినిపించింది. మా మామ కూడా తల పక్కకు తిప్పుకుని నవ్వాడు. కోకాపేటవాళ్ళను సాగనంపి, మళ్ళీ రాయదుర్గం కబురు పంపారు. ఆ మాఘంలో అండాలు లగ్గం జరిగింది. అప్పగింతలప్పుడు పిల్ల పెద్దత్తను కావలించుకుని వదలలేదు.

పెళ్ళయింది. ఊరు పెద్దత్తను మాత్రం క్షమించలేదు. ఎవరూ తిట్టలేదు, అదే పెద్ద బాధ. తిడితే పోట్లాడేది. ఊరికే అడగడం మానేశారు. సంబంధం కుదిరితే నానక్‌రాంగూడలో ఉండే, గత్తర ఏడు మా ఊరి కాన్పులు చేసిన మంత్రసాని దగ్గరికి మనిషిని పంపేవాళ్ళు. మా వాకిటి ముందు నుంచే పోయేవాళ్ళు. పెద్దత్త గుమ్మంలో కూర్చుని ఉంటే, "మంచిగున్నవా పెద్దమ్మా?" అని పలకరించేవాళ్ళు. "మంచిగున్న" అనేది. బండి మలుపు తిరిగేదాకా చూసేది.

నాకు ఒళ్ళు మండేది మా మామను చూస్తే. అదే ఏడు ఆయన ఒక హద్దు తగాదాలో తప్పు గుండును చూపించాడు. పక్క పొలం రైతు కళ్ళారా చూసి, "పటేలా, నిరుడు నువ్వే గా గుండు అన్నవ్ కద" అన్నాడు. ఏమైంది? "పెద్దాయనకు ఎండకు కండ్లు మసకేసినయ్" అని అందరూ సర్దుకున్నారు. మరునాడు ఇంకో తగాదాకు కూడా ఆయననే పిలుచుకుపోయారు. ఆయన మరుపు మెల్లగా, ముసలితనంతో కలిసి వచ్చింది, కాబట్టి మర్యాదగా వచ్చింది. ఈమెది ఒక్కసారిగా, చాట విసురుకుంటూ, చెమటలు కక్కుకుంటూ, పదిమంది ముందు వచ్చింది. ఒంట్లో ఏదో ఆగిపోవడం వల్ల జరిగిన తడబాటుకు ఆడదాని నోరే పనికిరాదని తీర్పు చెప్పేశారు. ఇద్దరూ మరిచినవాళ్ళే. ఒప్పుకున్నది ఆమె ఒక్కతే.

ఆ పై ఏడు చలికాలంలో ఆమె చన్నీళ్ళు పోసుకోలేదు. చాట బియ్యానికే పనికొచ్చింది. ఒకనాడు పొయ్యి దగ్గర నుంచి నన్ను నా పేరుతో పిలిచింది. నేను తిరిగి చూసేసరికి తన మానాన తాను జొన్నరొట్టె కొడుతోంది. తనకు తెలిసినట్టు లేదు. తర్వాత పాలమనిషికి పేరు వచ్చింది. గేదె తప్ప అందరికీ పేర్లు వచ్చాయి.

అప్పుడే మా పక్కింట్లో ఒక సంబంధం కుదురుతోంది. గోడకు అవతల మా మామ, మిగతా మగవాళ్ళ మాటలు మాకు వినిపిస్తున్నాయి. పిల్లగాడికి గత్తర ఏడు ఎవరు పాలిచ్చారో తెలియక తర్జనభర్జన పడుతున్నారు. పెద్దత్త, నేను వాకిట్లో కూర్చుని అనపకాయలు వలుస్తున్నాం. ఆమె తలెత్తకుండా, "సాకలి సత్తమ్మ. ఇంకెవ్వలు ఇయ్యలే. కలువది, చేసుకొమ్మను" అంది.

నేను లేచి పరుగెత్తాను. గోడ దగ్గర నిలబడి మా మామను పిలిచి చెప్పాను.

"ఎవలు చెప్పిన్రు?" అన్నాడు.

"పెద్దత్త."

"ఆమెకేం యాదుంటది లే" అన్నాడు. కోపంతో కాదు. జాలితో అన్నాడు. నానక్‌రాంగూడకు బండి పోయింది. పొద్దు వాలే వేళకు తిరిగి వచ్చింది. సాకలి సత్తమ్మ అని చెప్పిందట మంత్రసాని. ఇంకెవరూ ఇవ్వలేదట. మంత్రసాని జ్ఞాపకాన్ని మెచ్చుకుంటూ పక్కింట్లో బెల్లం పంచుకున్నారు. మా ఇంటికీ ఒక ముక్క పంపారు.

నాకు ఏడుపొచ్చింది. "మీరు చెప్పిన పేరే మంత్రసానీ చెప్పింది. చూశారా? ఎవరూ ఒక్క మాట అనలేదు" అన్నాను.

"పోనీ తియ్యి బిడ్డా. పెండ్లి అయితది కద" అంది. బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది. అనపకాయలు అయిపోయాయి. తొక్కలు చాటలోకి ఎత్తింది. లేస్తుందనుకున్నాను. లేవలేదు. చాట పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, గొంగడి ముందు నిలబడేటప్పటిలా వెన్ను నిటారుగా చేసుకుని నా వైపు తిరిగింది.

"నన్ను అడుగు" అంది.

"ఏమడగను?"

"ఎవల్నన్న అడుగు. ఎవలి పాలు తాగిండని అడుగు."

నేను వచ్చి మూడేళ్ళన్నా కాలేదు. ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు ఎందరని? పాలమనిషి పెద్ద కొడుకును అడిగాను. చెప్పింది. కుమ్మరివాళ్ళ బిడ్డను అడిగాను. చెప్పింది. తడుముకోలేదు, ఆగలేదు, చేయి గాలిలోకి పోలేదు. ఒక్కొక్కరికీ పాలిచ్చిన తల్లి పేరు, ఆమె ఇల్లు, ఆ ఇంటి ముందు ఏ చెట్టు ఉండేదో కూడా చెప్పింది. పేరు చెప్పిన ప్రతిసారీ ఆమె ముఖం విప్పారుతోంది. నేను ముచ్చటగా అడుగుతూ పోయాను, గుర్తొచ్చిన పేరల్లా అడిగాను. చివరికి నాకు తెలిసిన పేర్లు అయిపోయాయి.

"అయిపోయినయా?" అంది.

ఆ గొంతు విని, లేదని తల ఊపాను. మొదట అడిగిన పేరే మళ్ళీ అడిగాను. ఆమె మళ్ళీ మొదటి నుంచి చెప్పింది, అప్పుడే ఊరంతా వచ్చి అడిగినట్టు.